అప్‌డేట్: 3 − (−2) తీసివేత పిల్లలకు నడిపిస్తేనే ఎక్కింది

మా ఆరో తరగతి పిల్లలు 3 − (−2) అంటే 1 అని రాస్తున్నారు, ఎలా చెప్పాలని ఇంతకుముందు అడిగాను కదా (కనిగిరి దగ్గర పల్లెబడి). సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి పనిచేసింది నేల మీద సంఖ్యారేఖే.

బడి ముందు బండల మీద −10 నుంచి 10 దాకా గీశాం. సుద్దముక్క గీతలు అడుగులకే చెరిగిపోతుంటే తెల్ల పెయింట్ వేయించాను. కూడికైతే 10 వైపు తిరగాలి, తీసివేతైతే −10 వైపు. ధనసంఖ్యకు ముందుకు, ఋణసంఖ్యకు వెనక్కి నడవాలి. 3 మీద నిలబడ్డ పాప −10 వైపు తిరిగి రెండడుగులు వెనక్కి వేసి 5 మీద ఆగింది. "అదేంది సార్, తీసేస్తే పెరిగిందే!" అంది. ఒకరు నడుస్తుంటే మిగతావాళ్లు ముందే పలక మీద జవాబు రాయాలి, లేకపోతే ఒకటే గోల.

ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు (ఒక రంగు ధనసంఖ్యకు, ఇంకో రంగు ఋణసంఖ్యకు, రెండూ జతైతే సున్నా) కూడికలకు బాగున్నాయి. తీసివేతలో మాత్రం లేని పిక్కను తీయడానికి నలుపు తెలుపు జతలు అదనంగా వేయాలి, అక్కడే తికమక. సలహాల్లో వచ్చిన వీడియోల అవసరం రాలేదు. పిల్లలకు ఏకాగ్రత లేదేమో అన్న టెన్షన్ కూడా అనవసరమే. ఎండ ముదరకముందే చేయించండి, తర్వాత బండలు కాళ్లు కాలుస్తాయి.