‘మర్లొచ్చిన పాట’: మరలనా, మరలినా, మరులా?

(మాట్లాడేటోళ్లకు ఊరిపేర్లే పేర్లు.)

అచ్చంపేట: ఇంగ్లండు గాయని కేట్ బుష్ మీద తెలుగుల పరిచయవ్యాసం తయారవుతున్నది. 1993 ఆల్బమ్ తర్వాత పన్నెండేండ్లు కొత్త ఆల్బమ్ లేదు. 2005ల ‘ఏరియల్’ రెండు డిస్కులతో వచ్చింది. శీర్షిక ‘మర్లొచ్చిన పాట’ అనుకున్నం. ఎత్తుగడకు విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షంల సీసపద్యం పెడదామంటే మొదటి ముక్కనే తేలుతలేదు. ‘మరల యిదేల రామాయణం’ అనా, ‘మరల నిదేల’ అనా?

మిర్యాలగూడ: నిదేల. మరలన్ + ఇదేల. ద్రుతం (మాట చివరి నకారం) ఉన్నచోట యడాగమం (నడుమ యకారం వచ్చుడు) రాదు. ‘మరల యిదేల’ అన్నా గణం చెడదు, అందుకే తప్పు చెవికి దొరకదు. ఆ యకారం ఎక్కడిదో నాకు అనుమానం ఉన్నది. అదే పద్యంల రెండో పాదం ‘దినుచున్న యన్నమే’. అక్కడ ‘దినుచున్న’ ధాతుజ విశేషణం (క్రియ నుంచి పుట్టిన విశేషణం) గనుక యకారం న్యాయంగనే వచ్చింది. నోట్లె నానినంక పై పాదానికి పాకింది.

గద్వాల: అన్నా, ఆ పాదంల అంతకన్న ముచ్చటైన సంగతి ఇంకొకటి ఉన్నది. గణాలు (గురులఘువుల గుంపులు) విడదీసి చూడు, సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు: మరలని (నల), దేలరా (ర), మాయణం (ర), బన్నచో (ర), నీప్రపం (ర), చకమెల్ల (సల), తర్వాత నెల్ల, వేళ రెండూ హగణాలు, అంటే సూర్యగణాలు. యతి (అక్షరాల పొత్తు) మ–మా, నీ–నె. ఇప్పుడు ‘మరల’ తీసి మన ‘మర్ల’ పెట్టు. ‘మర్లని’ భగణం. అదీ ఇంద్రగణమే, అవే నాలుగు మాత్రలు, యతి కదలదు. మన పాలమూరు మాట ఆ సీసంల ఒక్క మాత్ర తేడా లేకుంట కూసుంటది.

మిర్యాలగూడ: గణం కుదిరిందని ప్రయోగం సాధువు కాదు గదా. ఛందస్సుకు లక్షణం రాసిన అప్పకవి ఒప్పుకుంటడా?

గద్వాల: కాకునూరి అప్పకవి పాత పాలమూరు జిల్లాల పుట్టినోడే అంటరు సార్. ఇంట్ల ‘మర్ల’ అనే అని ఉంటడు.

దేవరకొండ: ‘మర్ల’ను చెడిపోయిన మాట అనుకోవద్దు. ఊరులు, ఊర్లు, ఊళ్లు. వారలు, వార్లు, వాళ్లు. అట్లనే మరల, మర్ల, మళ్ల. నడిమి అచ్చు జారుతది, ర్ల అయితది, తర్వాత ళ్ల అయితది. పుస్తకాల తెలుగు మూడో మెట్టుకు పోయి ‘మళ్లీ’ అన్నది, పాలమూరు రెండో మెట్టు మీద నిలబడ్డది. మా దిక్కు ‘మల్ల’ అంటరు. లకారమా ళకారమా అంటే యతికి ల–ళ అభేదమే గని, అచ్చుల మాత్రం ళ్ల పెట్టాలె. లేకుంటే మల్లెపువ్వు గుర్తొస్తది.

వనపర్తి: శీర్షికకు అసలు చిక్కు అది కాదు. మరల + వచ్చిన, మర్లొచ్చిన. సరే. మరులు + వచ్చిన? అదీ మర్లొచ్చిననే. మరులంటే మోహం, పిచ్చి. మరులుమాతంగి కాయను చూడండి: గింజంత కాయ, ఒళ్లంత ముండ్లు, ఒక్కో ముల్లు కొస కొక్కెంలాగ వంగి ఉంటది. మేక బొచ్చుకో ధోవతి అంచుకో తగిలితే ఒక్కొక్కటి గిచ్చి తీయాల్సిందే. ఇడువని పాటకు ఆ అర్థమే నాకు నచ్చుతది. కాని పోస్టర్ మీద చూసినోళ్లు ‘పిచ్చి పట్టిన పాట’ అని చదువుతరు.

అచ్చంపేట: అక్కా, ‘మర్ల వచ్చిన’ అని విడగొడితే?

వనపర్తి: విడగొడితే మరులు పోతది, మాట ఊపు కూడ పోతది. పైగా మూడోది మిగిలే ఉన్నది. ‘మరలి’. తిరిగి + వచ్చిన, తిరిగొచ్చిన అయినట్టు మరలి + వచ్చిన కూడ మర్లొచ్చిననే. మరల అంటే ఇంకోసారి. మరలి అంటే పోయిన తొవ్వన ఎనుకకు తిరిగి. రెండూ ఒకటి కావు.

గద్వాల: అయితే 2005కు ‘మరల’నే. ఆమె పాట ఇడిచిపెట్టి ఎటో పోలేదు, కొత్త ఆల్బమ్ ఇంకోసారి వచ్చింది. ‘మరలి’ 2014కు పెట్టాలె. ఆమె 1979 పర్యటన లండన్ హామర్‌స్మిత్‌ల ఒక హాల్ల ముగిసింది, ముప్ఫై అయిదేండ్లకు అదే హాలుకు వచ్చి 22 కచేరీలు చేసింది. అది ఖరాగా మరలి రావడం.

మిర్యాలగూడ: వ్యాసం ఆల్బమ్ మీదనా, కచేరీల మీదనా? దాన్నిబట్టి ప్రత్యయం.

దేవరకొండ: ఆమె 2011 ఆల్బమ్‌ల ఒక పాట మంచుకు యాభై మాటలు వరుసగా చెప్పిస్తది, అండ్ల కల్పించినవే మస్తు. మాట పుట్టించే మనిషి మీద రాస్తూ మూడర్థాల మాటకు ఎందుకు జంకుడు? ‘మర్లొచ్చిన’నే ఉంచు తమ్మీ, విప్పి చెప్పకు.

మిర్యాలగూడ: ఉంచితే ఉంచండి. పద్యం కిందనే ఉంటది గదా, అక్కడ ‘నిదేల’ల ని తప్పకుండ పడాలె. ‘బన్నచో నీ ప్రపంచక’ దగ్గర ‘నీ’ దీర్ఘం. ‘నువ్వు’ అనుకొని చదివేటోళ్లున్నరు. అది ద్రుతం మీద ‘ఈ’.

గద్వాల: ‘అన్నచోన్’కు ద్రుతం ఎట్లొచ్చింది సార్? అది తేల్చినంకనే ముందుకు పోదాం.