పదమూడేళ్ల మా కుక్క బుల్లోడికి కిడ్నీలు పాడయ్యాయి, ఇంట్లో సెలైన్ పెట్టడం గురించి అడగాలి

మిషనక్క, తిరుపతి

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది బైరాగిపట్టెడ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా బుల్లోడు నాటు కుక్కే. గోధుమ రంగు, ఎడమ చెవి మడత. 2012 వానాకాలంలో వీధి చివర చెత్తకుండీ పక్కన దొరికాడు, అరచేతిలో పట్టేంత పిల్ల. ఆరోజు నుంచి వాడి చోటు నా కుట్టుమిషన్ కిందే. పెడల్ చప్పుడుకి నిద్రపోతాడు, ఆపితే తలెత్తి చూస్తాడు. 2021 నవంబరు వానల్లో మా వీధిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చిన రాత్రి గుడ్డలన్నీ అటక మీద పడేసి, వాడిని మిషన్ బల్ల మీద కూర్చోబెట్టి తెల్లారేదాకా పట్టుకునే నిలబడ్డాను. కదలకుండా కూర్చున్నాడు పాపం.

ఈ సంక్రాంతి తర్వాత నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టాడు. రోజుకు రెండు చెంబులు తాగేవాడు నాలుగు, ఐదు తాగేవాడు. రాత్రిళ్లు ఇంట్లోనే ఒంటేలు పోసేవాడు. ముసలితనం అనుకున్నాం. రాత్రి ఎనిమిది దాటాక నీళ్ల గిన్నె తీసెయ్ అన్నారు మా ఆయన. తీసేశాను. దాదాపు నెల రోజులు అలా చేశాను. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది. వాడు రాత్రి ఖాళీ చోటు నాకుతూ తిరిగింది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది.

ఏప్రిల్‌లో అన్నం మానేశాడు, వాంతులు మొదలయ్యాయి. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ 4.6, ఫాస్ఫరస్ 7.8 వచ్చాయి, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగేవట ఇవి. పంతొమ్మిది కిలోలుండేవాడు పద్నాలుగుకి వచ్చాడు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ చిన్నవైపోయి కనిపించాయి. మూడో దశ అన్నారు డాక్టరుగారు. నయం కాదు, కానీ ఉన్నన్నాళ్లు బాధ లేకుండా చూసుకోవచ్చు అన్నారు. మూడు రోజులు నరానికి సెలైన్ ఎక్కిస్తే కాస్త తేరుకున్నాడు. ఇప్పుడు రోజు విడిచి రోజు 200 మి.లీ. ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) చర్మం కింద పెట్టాలి. ఇన్నాళ్లూ ఆటోలో తీసుకెళ్లి పెట్టిస్తున్నాను. ఈ మే ఎండలో వాడికి అదే పెద్ద శిక్ష. నాలుక బయటపెట్టి నా ఒళ్లో ఆయాసపడుతుంటే చూడలేకపోతున్నాను. ఇంట్లో పెట్టుకోవచ్చని చెప్పి, ఎలాగో చూపించారు కూడా. సూది నాకు కొత్త కాదు, ఇరవై ఆరేళ్లుగా కుడుతున్నాను. కానీ వాడి ఒంటికి గుచ్చాలంటే చెయ్యి వణుకుతోంది. ఇంట్లో పెట్టినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

తిండి ఇంకో టెన్షన్. చిన్నప్పటి నుంచి రాగి సంగటి, మజ్జిగ తిని పెరిగాడు. కిడ్నీ జబ్బుకని ఇచ్చిన ప్యాకెట్ తిండి వాసన చూసి మొహం తిప్పేస్తున్నాడు.

మరొకటి అడగాలి, అడగడానికే భయంగా ఉంది. తిరుపతిలో ఇల్లన్నాక ఎవరో ఒకరు కొండ నుంచి లడ్డూ తెచ్చిస్తూనే ఉంటారు. ప్రసాదం కదా అని వాడికీ చిటికెడు పెట్టేదాన్ని, ఇన్నేళ్లూ. ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలకు విషమని మొన్న తెలిసింది. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. నా చేతులతో నేనే చేశానా?

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. "వాణ్ణి అలా పొడుస్తూ ఎన్నాళ్లమ్మా, పంపించేయమ్మా" అంటోంది. గంగమ్మ జాతర డప్పులు మొదలైతే ఏటా మంచం కిందకి దూరి వణికేవాడు. ఈసారి డప్పులు మా వీధిలోనే మోగాయి, వాడు చెవి కూడా కదపలేదు. అది చూశాక అమ్మాయి మాటే నిజమేమో అనిపించింది. మర్నాడు పొద్దున ఇడ్లీ ముక్క కోసం తోక ఊపాడు. ఈ సూదులు వాడి కోసమా, నేను వాణ్ణి వదల్లేకా, నాకు తెలియడం లేదు.

గిరింపేట అన్న, చిత్తూరు

అక్కా, మా రాణికి, లాబ్రడార్, ఇదే జబ్బు. పద్నాలుగు నెలలు ఇంట్లోనే పెట్టాను. మొదటిసారి నా చెయ్యి ఎంత వణికిందంటే సూది దాని చర్మంలోంచి అవతలికి వచ్చి, సెలైన్ అంతా నా లుంగీ మీద కారింది. దానికేం కాలేదు. ఇంకోచోట గుచ్చాను. మీకు కూడా అలా జరగొచ్చు, భయపడకండి.

నేను చేసిన పద్ధతి చెబుతాను. బాటిల్‌ను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి. చల్లటిది లోపలికి పోతే ఒళ్లు జలదరిస్తుంది వాటికి. మన మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసుకోవాలి, వేడి తెలియకూడదు. బాటిల్ ఎత్తులో తగిలించి, ట్యూబ్‌లో గాలి పోయేదాకా కాస్త వదలాలి. రెండు భుజాల మధ్య చర్మం వదులుగా ఉంటుంది కదా, దాన్ని ఎడమ చేత్తో గుడారంలా పైకి లాగి, ఆ మడత మొదట్లో గుచ్చాలి. నెమ్మదిగా గుచ్చితేనే నొప్పి. జాకెట్ హుక్కు కుట్టేటప్పుడు ఒక్క పోటుతో దించుతారు చూడండి, అలా. 18 నంబరు సూదికి పది నిమిషాల్లోపు అయిపోతుంది. 20 సన్నం, నొప్పి తక్కువ, కానీ టైం పడుతుంది. ప్రతిసారీ కొత్త సూదే. వీపు మీద ఒంటె మూపురంలా గడ్డ లేస్తుంది, కాసేపటికి అది ముందు కాళ్ల వైపు జారుతుంది. రాణి కాలు వాచిందని నేను రాత్రి పదింటికి డాక్టరుకు ఫోన్ చేశాను. అది సెలైనే, తెల్లారేసరికి ఇంకిపోయింది.

ఆర్ఎల్ తప్ప ఇంకేదీ మీ అంతట మీరు పెట్టొద్దు. గ్లూకోజ్ బాటిల్ బలం అని ఎవరైనా అంటే వినకండి. బాటిల్‌లో మిగిలింది మసకగా కనిపిస్తే పారబోయండి.

నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి అక్కా. నిమిషానికి ముప్పై దాటుతున్నా, కొత్తగా దగ్గు వచ్చినా ఆ రోజు సెలైన్ ఆపి డాక్టరుతో మాట్లాడండి. ఒంట్లో నీరు ఎక్కువైనా ప్రమాదమే.

ఒక్క సంగతి. నేను సెలైన్ పెట్టేటప్పుడు రాణి ముందు ఒక పళ్లెంలో పెరుగు రాసి పెట్టేవాడిని. నాకుతూ ఉండేది, సూది సంగతి మర్చిపోయేది. పెరుగులోనూ ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి ఒక చెంచాకు మించనిచ్చేవాణ్ణి కాదు.

పలమనేరు పశువైద్యురాలు

అమ్మా, ముందు లడ్డూ గురించి. అది మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని మీ రాతలోనే తెలుస్తోంది.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు ప్రమాదమే. అందులోని టార్టారిక్ ఆమ్లం దీనికి కారణమని కొన్నేళ్లుగా అనుకుంటున్నారు. కానీ ఆ దెబ్బ వెంటనే తెలుస్తుంది. తిన్న రోజే వాంతులు, రెండు మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవడం. మీ బుల్లోడి కిడ్నీలు కుంచించుకుపోయి ఉన్నాయన్నారు. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగేది. పన్నెండేళ్లు చిటికెడు లడ్డూ తిని ఒక్కసారి కూడా జబ్బు పడని కుక్క విషయంలో లడ్డూయే కారణమని నేను అనలేను. మన వైపు పిడుదులు ఎక్కువ. ఎప్పుడో వచ్చిపోయిన టిక్ ఫీవర్ కూడా కిడ్నీల మీద మచ్చ వేస్తుంది. ఆ రక్తపరీక్ష చేయించకపోతే ఒకసారి అడగండి, పాజిటివ్ వస్తే మందు ఉంది. లడ్డూ మాత్రం ఇక వద్దు. చింతపండులోనూ అదే ఆమ్లం ఎక్కువ, కాబట్టి చారన్నం, పులిహోర కూడా వద్దు. ఇది మన ఇళ్లల్లో చాలామందికి తెలియదు.

నీళ్ల విషయం అందరికీ చెబుతున్నాను. కిడ్నీ చెడితే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది. నీళ్లన్నీ బయటికి పోతుంటాయి కాబట్టే అంత తాగుతాయి. ఎక్కువ తాగడం వల్ల ఎక్కువ పోయడం లేదు, ఎక్కువ పోతోంది కాబట్టి తాగుతోంది. గిన్నె ఎప్పుడూ తీయకూడదు. మీరు తెలియక చేశారు, తెలిసిన రోజే మానేశారు.

తిండికి వస్తే, రాగుల్లో తెల్లన్నం కంటే ఫాస్ఫరస్ బాగా ఎక్కువ. సంగటి మీద ప్రేమ ఉన్నా తగ్గించాలి. మెత్తగా ఉడికిన తెల్లన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, మీ డాక్టరు సరే అంటే అర చెంచా నెయ్యి. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, అది వద్దు. ఎముకలు, కార్జం, ఎండుచేపలు అసలు వద్దు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసి ఉంటే అది తిండితో కలిసి పోతేనే పని చేస్తుంది, ఖాళీ కడుపున వేస్తే దండగ.

వాసన చూసి మొహం తిప్పేశాడంటే అది మొండితనం కాదమ్మా, కడుపులో వికారం. పెదాలు నాకుకోవడం, చొంగ కారడం ఉంటే అదే. వాంతి మాత్ర వేసి గంట ఆగి తిండి పెట్టండి. వికారంగా ఉన్నప్పుడు కొత్త ప్యాకెట్ ముందు పెడితే జన్మలో దాన్ని ముట్టుకోడు. కాస్త కుదుటపడ్డాక అన్నంలో ఒక్కో చెంచా కలుపుతూ పోండి. నోరు తెరిచి చూడండి, యూరియా పెరిగితే చిగుళ్ల మీద పుళ్లు వస్తాయి. పుళ్లుంటే ఆకలున్నా తినలేడు, దానికి వేరే మందు ఉంది.

నొప్పి ఉందనిపిస్తే ఇంట్లో మనం వేసుకునే మాత్రలు దయచేసి వేయొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒక్కటి చాలు, మిగిలిన కిడ్నీ కూడా పోతుంది.

చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలో కుక్కలకు డయాలసిస్ ఉంది. ఎవరో ఒకరు మీకు చెబుతారు కాబట్టి నేనే చెబుతున్నాను. అది హఠాత్తుగా దెబ్బతిని మళ్లీ కోలుకోగల కిడ్నీలకు ఎక్కువ ఉపయోగం. పదమూడేళ్ల వాణ్ణి ఈ ఎండలో అంత దూరం తిప్పమని నేను అనను.

రేణిగుంట రిటైర్డ్ రైల్వే

అమ్మా, మీ చివరి ప్రశ్నకు మాత్రమే రాస్తున్నాను.

మా జిమ్మీ పొమెరేనియన్, పదిహేనేళ్లు బతికింది. క్రియాటినిన్ తొమ్మిది దాటాక డాక్టరు నాతో స్పష్టంగా చెప్పారు, ఇక దానికి బాధే మిగిలిందని. ఇంకొక్కరోజు చూద్దాం అన్నాను. అలా తొమ్మిది రోజులు అన్నాను. చివరి రెండు రాత్రులు ఫిట్స్ వచ్చాయి. మా ఆవిడ దాన్ని పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఆ తొమ్మిది రోజుల్లో మొదటి రోజే పంపించి ఉంటే పాలబ్బాయిని చూసి ఒకసారి మొరిగి, ఎండలో పడుకుని పోయేది. ఆ రెండు రాత్రులు నేనిచ్చినవే.

అందుకని మీరు ఇప్పుడే, వాడు కాస్త బాగున్నప్పుడే, వాడికి బాగా ఇష్టమైనవి మూడు రాసి పెట్టుకోండి. వాటిలో రెండు వాడే మానేసిన రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. క్యాలెండర్‌లో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టండి. మన మనసు నిన్నటి బాధను మర్చిపోతుంది, క్యాలెండర్ మర్చిపోదు.

పంపించేయడానికి ఇచ్చే ఆ ఇంజెక్షన్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ముందు మత్తు ఇస్తారు, నిద్రపోతుంది. తర్వాత నరానికి ఎక్కువ మోతాదులో మత్తుమందు. కొన్ని నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు, ఆ తర్వాత కూడా ఒకటి రెండు ఊపిర్లు తీసినట్టు కనిపించొచ్చు. ముందే తెలిస్తే బెదిరిపోరు. చంద్రగిరి దగ్గర మా తమ్ముడి తోటలో నాలుగడుగులు తవ్వి పెట్టాం. లోతుగానే తవ్వాలమ్మా, మందు ఒంట్లోనే ఉంటుంది, వేరే కుక్కలు తవ్వి తినకూడదు.

మీ అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. దూరాన ఉన్నవాళ్లకు వాంతి సంగతే ఫోన్‌లో వినిపిస్తుంది, తోక ఊపింది కనిపించదు.

మిషనక్క, తిరుపతి

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. లడ్డూ గురించి డాక్టరమ్మ రాసింది మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

నిన్న సాయంత్రం నేనే పెట్టాను. కుట్టిన జాకెట్లు తగిలించే కొక్కేనికి బాటిల్ కట్టాను. మా ఆయన తల పట్టుకుని గడ్డం కింద గీరుతూ కూర్చున్నారు. మొదటిసారి నాకు కూడా అవతలికి వచ్చింది అన్నా, మీరు ముందే చెప్పారు కాబట్టి ఏడవలేదు. రెండోసారి దిగింది. వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ పళ్లెం నాకాడు. 20 నంబరు మా దగ్గర షాపులో దొరకలేదు, 18తోనే పెట్టాను.

నోట్లో చూశాను డాక్టరమ్మా. కింది చిగురు మీద రెండు పుళ్లున్నాయి. పొద్దున్నే ఆసుపత్రికి ఫోటో తీసుకెళ్లి చూపించి మందు తెచ్చాను, వాణ్ణి ఎండలో తిప్పలేదు. టిక్ ఫీవర్ పరీక్షకు వచ్చేవారం రక్తం తీస్తామన్నారు. మధ్యాహ్నం తెల్లసొన కలిపిన అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు.

సార్, మూడూ రాశాను. పెడల్ చప్పుడు వినగానే వచ్చి మిషన్ కింద పడుకోవడం, సాయంత్రం మా ఆయన బండి శబ్దానికి గేటు దాకా నడవడం, ఇడ్లీ. కొలతల పుస్తకం చివరి పేజీలో రాశాను, పక్కనే రోజూ బరువు కూడా రాస్తున్నాను. వాణ్ణి ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కి నా బరువు తీసేస్తే ఈ రోజు 13.8 కిలోలు. మూడూ ఇంకా ఉన్నాయి. గేటు దాకా మాత్రం నిన్న సగం దూరంలో కూర్చుండిపోయాడు. సగం అని రాశాను.

మా ఆయన ఇప్పుడు నీళ్ల గిన్నెలు రెండు పెట్టారు, ఒకటి మంచం దగ్గర. రాత్రి రెండింటికి లేచి నింపుతున్నారు. నాకు చెప్పలేదు, నేనే చూశాను. నున్నటి బండల మీద కాళ్లు జారుతున్నాయని పాత గోనెసంచులు విప్పి గేటు దాకా పరిచారు.

అమ్మాయి శనివారం బస్సుకు వస్తోంది. డాక్టరుగారితో తనే మాట్లాడుతుందట.

ఇది రాయడానికి మిషన్ ఆపాను, తలెత్తి చూస్తున్నాడు. సాయంత్రానికి రెండు జాకెట్లు ఇవ్వాలి, ఉంటాను.