లీగ్ పట్టికను ఎంతవరకు నమ్మాలి? గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ వారపు మ్యాచ్‌లపై ఒక ప్రశ్న

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. మా తమ్ముడు ఐర్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతని వల్ల మా ఇంట్లో అక్కడి కౌంటీ (జిల్లా) జట్లు ఆడే గేలిక్ ఫుట్‌బాల్ (బంతిని చేతులతోనూ కాళ్లతోనూ ఆడేది), హర్లింగ్ (చిన్న బంతిని కర్రతో కొట్టేది) చూడటం అలవాటైంది. చలికాలంలో అక్కడ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే లీగ్ మ్యాచ్ మనకు రాత్రి ఏడున్నరకు వస్తుంది కాబట్టి, జనవరి చివరి నుంచి మార్చి చివరి దాకా వారం వారం చూసి, సోమవారం ఫోన్‌లో ఫలితాలపై వాదించుకుంటాం. స్కోరు చదవడం మొదట్లో కష్టంగా ఉండేది. 1-18 అంటే ఒక గోల్ (బంతి అడ్డకర్ర కింద వలలోకి), 18 పాయింట్లు (అడ్డకర్ర పైనుంచి) అనీ, గోల్‌కు మూడు లెక్క కనుక మొత్తం 21 అనీ ఇప్పుడు మా అమ్మకు కూడా తెలుసు.

నా సందేహం 2025 సంవత్సరానికి సంబంధించినది. ఏప్రిల్ 6న జరిగిన హర్లింగ్ లీగ్ ఫైనల్‌లో కార్క్ 3-24 చేసి, 0-23 చేసిన టిపరేరీని పది పాయింట్ల తేడాతో ఓడించింది. మూడు వారాల తర్వాత, లీగ్ ముగిశాక జరిగే ప్రధాన పోటీ అయిన ఛాంపియన్‌షిప్‌లో, మన్‌స్టర్ ప్రాంత దశలో మళ్లీ అవే జట్లు తలపడితే కార్క్ 4-27, టిపరేరీ 0-24. అంటే తేడా పదిహేనుకు పెరిగింది. అయినా జూలై 20న క్రోక్ పార్క్‌లో జరిగిన ఆల్ ఐర్లండ్ ఫైనల్‌లో టిపరేరీ 3-27, కార్క్ 1-18తో ముగించాయి. అదే పదిహేను పాయింట్ల తేడా, కానీ తిరగబడింది. ఫుట్‌బాల్‌లో మాత్రం ఇలా జరగలేదు. మార్చి 30న మేయోను 1-18, 1-12తో ఓడించి లీగ్ గెలిచిన కెర్రీయే, జూలై 27న డొనెగల్‌ను 1-26, 0-19తో ఓడించి ఛాంపియన్ అయింది.

ఒక ఆటలో లీగ్ సరైన సూచన ఇచ్చింది, మరొక ఆటలో ఇవ్వలేదు. ఇది యాదృచ్ఛికమా, లేక రెండు లీగ్‌ల స్వభావంలోనే తేడా ఉందా? వారం వారం మ్యాచ్ చూసేటప్పుడు స్కోరు కాకుండా దేన్ని గమనిస్తే జట్టు అసలు బలం తెలుస్తుంది? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.


సమాధానం 1 (కాజీపేట వాసి, ప్రస్తుతం డబ్లిన్)

అన్నగారూ, స్వభావంలోనే తేడా ఉంది. మొదట చూడవలసింది లీగ్‌లో ఓడితే ఆ జట్టుకు ఏం నష్టం జరుగుతుందన్నది.

హర్లింగ్‌లో లీగ్ స్థానానికీ ఛాంపియన్‌షిప్‌కూ సంబంధం లేదు. మన్‌స్టర్‌లో ఐదు జట్లు, లీన్‌స్టర్‌లో ఆరు జట్లు తమలో తాము ఆడుకుంటాయి, ఒక్కొక్క ప్రాంతం నుంచి మొదటి మూడు జట్లు ముందుకు వెళ్తాయి. లీగ్ మొదటి డివిజన్ పై వరుసలో అట్టడుగున నిలిచిన జట్టు కూడా వేసవిలో ఈ పోటీలోకి అందరితో సమానంగా దిగుతుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. 2025లో పదహారు జట్లే ప్రధాన పోటీకి అర్హత పొందాయి. ప్రాంతీయ ఫైనల్స్‌కు చేరిన ఎనిమిది జట్లు, అంతకుముందు ఏడాది టాల్టియన్ కప్ (రెండవ స్థాయి పోటీ) గెలిచిన జట్టు పోగా, మిగిలిన స్థానాలను లీగ్ ర్యాంకుల ప్రకారమే నింపారు. కనుక రెండవ డివిజన్ అడుగున, మూడవ డివిజన్ పైన ఉన్న జట్లకు ఫిబ్రవరిలో పోగొట్టుకున్న ఒక్క మ్యాచ్ వేసవి మొత్తాన్ని మార్చివేయగలదు. ఆ స్థాయి మ్యాచ్‌లలో ఎవరూ ప్రయోగాలు చేయరు. మనకు కనిపించేది నిజమైన బలమే.

అయితే ఫుట్‌బాల్‌లోనైనా మొదటి డివిజన్ పట్టికను గుడ్డిగా నమ్మలేము. 2025లో ఆ డివిజన్ నుంచి టైరోన్, డెర్రీ కిందికి దిగిపోయాయి. అదే టైరోన్ వేసవిలో క్వార్టర్ ఫైనల్‌లో డబ్లిన్‌ను ఓడించి సెమీఫైనల్ దాకా వచ్చింది. లీగ్ ఫైనల్ ఆడిన మేయో మాత్రం గ్రూప్ దశ కూడా దాటలేకపోయింది. రెండవ డివిజన్‌లో ఆడిన మీత్ సెమీఫైనల్ చేరింది. కెర్రీ ఒక్కదాన్ని చూసి ఫుట్‌బాల్ లీగ్ ఎప్పుడూ నిజమే చెబుతుందనుకుంటే ఈ మూడు జట్లకు మన దగ్గర సమాధానం ఉండదు.

ఇక కార్క్, టిపరేరీల సంగతి. ఏప్రిల్ 27 నాటి ఆ పదిహేను పాయింట్ల ఓటమిని లెక్కలోకి తీసుకునే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆట మొదలయ్యేందుకు బంతి విసరకముందే టిపరేరీ యువ ఫార్వర్డ్ డారా మెకార్తీకి రెడ్ కార్డు పడింది. డెబ్బై నిమిషాలూ పద్నాలుగు మందితోనే ఆడిన జట్టు స్కోరును పదిహేను మందితో ఆడిన జట్టు స్కోరు పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. ఆ మెకార్తీయే జూలై ఫైనల్‌లో 1-13 సాధించాడు.

కార్డు సంగతి పక్కన పెట్టినా, నేను ముఖ్యమనుకునే కారణం వేరే ఉంది. లీగ్ ఫైనల్‌లో మూడు గోల్స్, మన్‌స్టర్‌లో నాలుగు గోల్స్ ఇచ్చిన టిపరేరీ, ఆల్ ఐర్లండ్ ఫైనల్‌కు రక్షణను మార్చుకుని వచ్చింది. బ్రయన్ ఓ'మారాను గోల్ ముందున్న ఖాళీలో అదనపు రక్షకుడిగా నిలబెట్టారు. కార్క్ తన ముందు వరుసలోని బలమైన ఫార్వర్డ్‌ల మీదికి పొడవైన బంతులు కొట్టి గోల్స్ సాధించే జట్టు. ఆ బంతి దిగే చోట ఇప్పుడు ఒక మనిషి అదనంగా ఉన్నాడు. అయినా విరామానికి కార్క్ 1-16, 0-13తో ఆరు పాయింట్ల ముందంజలోనే ఉంది. రెండవ సగంలో కార్క్ చేసినవి రెండు పాయింట్లు మాత్రమే, టిపరేరీ చేసింది 3-14. జాన్ మెక్‌గ్రా రెండు గోల్స్ కొట్టాడు. కార్క్ రక్షకుడొకరు రెండవ పసుపు కార్డుతో బయటికి వెళ్లగా వచ్చిన పెనాల్టీని మెకార్తీ గోల్‌గా మలిచాడు. అటు కార్క్‌కు దొరికిన పెనాల్టీని గోల్‌కీపర్ రీస్ షెల్లీ ఆపాడు.

వసంతకాలంలో ఎదురైన రెండు ఓటములు టిపరేరీకి తన రక్షణలో ఏ చోట లోపం ఉందో చూపించాయి. కార్క్‌కు మాత్రం తన పద్ధతి మార్చుకోవలసిన అవసరం ఉందని ఎవరూ చూపించలేదు. కాబట్టి లీగ్ మ్యాచ్‌లో ఎవరు గెలిచారో చూసిన తర్వాత, ఓడిన జట్టుకు గోల్స్ ఏ మార్గంలో పడ్డాయో తప్పనిసరిగా రాసిపెట్టుకోండి. మూడు గోల్స్ మూడు వేర్వేరు పొరపాట్ల వల్ల వస్తే అది ఆ రోజు దురదృష్టం. మూడూ ఒకే ఖాళీ గుండా వస్తే అది శిక్షకుడు వేసవిలోపు సరిదిద్దుకోవలసిన లోపం. టిపరేరీ శిక్షకుడు లియమ్ కాహిల్ దాన్ని సరిదిద్దాడు.


సమాధానం 2 (కరీంనగర్, కబడ్డీ శిక్షకుడు)

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను. ఫుట్‌బాల్ విషయంలో ఒక కోణం చేర్చాలి, ఎందుకంటే 2025 లీగ్‌ను అంతకుముందు లీగ్‌లతో పోల్చడమే కష్టం. ఆట నియమాలే మారాయి.

డబ్లిన్ మాజీ శిక్షకుడు జిమ్ గావిన్ అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం సూచించిన నియమాలను 2024 చివర్లో ఆమోదించి, 2025 లీగ్ నుంచే అమలు చేశారు. 40 మీటర్ల వంపు గీతకు బయటి నుంచి తన్ని అడ్డకర్ర మీదుగా పంపితే రెండు పాయింట్లు. బంతి బయటికి పోయాక ఆటను తిరిగి మొదలుపెట్టడానికి గోల్‌కీపర్ తన్నే కిక్‌ఔట్ ఆ వంపు గీతను దాటాలి. ప్రతి జట్టూ ఎప్పుడూ కనీసం ముగ్గురిని ప్రత్యర్థి సగంలో ఉంచాలి. ఫౌల్‌కు గురైన ఆటగాడు ఆగకుండా వెంటనే బంతితో ముందుకు సాగవచ్చు.

ఇవి ఎందుకు వచ్చాయో కబడ్డీ తెలిసినవారికి తొందరగా అర్థమవుతుంది. ప్రో కబడ్డీలో వరుసగా రెండు ఖాళీ రెయిడ్‌లు జరిగితే మూడవది తప్పక పాయింట్ తేవాలి, లేకపోతే రెయిడర్ అవుట్. రెండు జట్లూ కాలం వెళ్లబుచ్చకుండా చేయడానికే ఆ నియమం. గేలిక్ ఫుట్‌బాల్‌లో కూడా పదిహేను మందీ బంతి వెనక్కి చేరడం, ఎదుటి జట్టు నిమిషాల తరబడి పక్కకు హ్యాండ్‌పాస్‌లు ఇచ్చుకోవడం పెద్ద జబ్బుగా మారింది. 2024 ఫైనల్‌లో ఆర్మా 1-11, గాల్వే 0-13. రెండు జట్ల మొత్తం 27. 2025 ఫైనల్‌లో రెండు జట్ల మొత్తం 48. ఒక్క మ్యాచ్‌ను బట్టి తీర్పు చెప్పకూడదు కానీ, ఆ ఏడాదంతా చూసినవారికి ఆట తెరుచుకున్నదని సందేహం ఉండదు. 2025 అక్టోబరులో ఈ నియమాలను శాశ్వతం చేశారు. అది సరైన నిర్ణయమని గట్టిగా నమ్ముతున్నాను.

ఇక వారపు మ్యాచ్‌లో ఏం చూడాలి? నేను రెండే చూస్తాను. మొదటిది కిక్‌ఔట్. పక్కనున్న రక్షకుడికి చిన్నగా అందించే దారి మూసుకుపోయింది కాబట్టి బంతి మైదానం మధ్యలోకే రావాలి. అక్కడ ఇద్దరు ముగ్గురు గాలిలోకి ఎగురుతారు, చాలాసార్లు బంతి ఎవరి చేతుల్లోనూ నిలవకుండా కింద పడుతుంది. కెమెరా ఎగిరినవాళ్ల మీదే ఉంటుంది. మీరు మాత్రం వాళ్ల కాళ్ల దగ్గర ఎవరు కాచుకుని ఉన్నారో చూడండి. మంచి జట్టు ఆటగాళ్లు బంతి పడే చోటికి ముందే వంగి పరుగెత్తుతుంటారు, బలహీనమైన జట్టువాళ్లు పైకి చూస్తూ నిలబడతారు. ఈ అలవాటు ఫిబ్రవరిలో ఉన్న జట్టుకు జూలైలోనూ ఉంటుంది.

రెండవది గాలి. ఐర్లండ్ చలికాలపు గాలికి రెండు పాయింట్ల నియమం తోడైతే, గాలి వెనక నుంచి వీచే సగంలో ఒక జట్టు పది పాయింట్లు ముందుకు వెళ్లినా అది గొప్పతనమని అనుకోనవసరం లేదు. విరామ స్కోరు చూసేటప్పుడు గాలి ఎవరి వైపుందో తెలుసుకోకపోతే ఆ స్కోరుకు అర్థం ఉండదు. కెర్రీ ఫార్వర్డ్ డేవిడ్ క్లిఫర్డ్ 2025 ఫైనల్‌లో చేసిన తొమ్మిది పాయింట్లలో మూడు రెండు పాయింట్ల తన్నులున్నాయి. అలాంటి ఆటగాడున్న జట్టుకు గాలితో పని లేదు. అందువల్లనే కెర్రీ లీగ్ ఫలితం వేసవి దాకా నిలిచిందని నా అభిప్రాయం.


ప్రశ్న అడిగినవారు

సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. కిక్‌ఔట్ సమయంలో నేను కూడా ఎగిరినవాళ్లనే చూస్తున్నాను, ఇక మీదట కింద చూస్తాను. ఒక చిన్న అనుమానం మిగిలింది. హర్లింగ్ లీగ్‌కు ఛాంపియన్‌షిప్‌తో సంబంధం లేనప్పుడు, 2024 ఛాంపియన్ క్లేర్ 2025 లీగ్‌లో మొదటి డివిజన్ పై వరుస (వన్ ఏ) నుంచి దిగిపోవడాన్ని కూడా పట్టించుకోనవసరం లేదా? ఆ తర్వాత వారు మన్‌స్టర్ నుంచి కూడా ముందుకు రాలేదు కదా.


సమాధానం 3 (మంచిర్యాల)

క్లేర్ ఉదాహరణ చాలా ముఖ్యమైనది, కానీ దానికి ఎదురుగా డబ్లిన్ హర్లింగ్ జట్టును కూడా పెట్టండి. ఆ ఏడాది డబ్లిన్ ఆడింది వన్ బీలో, అంటే రెండవ వరుసలో. వేసవిలో ఆ జట్టే క్వార్టర్ ఫైనల్‌లో లిమరిక్‌ను 2-24, 0-28తో రెండు పాయింట్ల తేడాతో ఓడించింది. లిమరిక్ అంటే 2020 నుంచి 2023 దాకా వరుసగా నాలుగేళ్లు ఛాంపియన్‌గా నిలిచిన జట్టు. సెమీఫైనల్‌లో కార్క్ చేతిలో 7-26, 2-21తో డబ్లిన్ చిత్తయింది, అది వేరే మాట. కిందికి దిగిన జట్టు కిందనే ఉండవచ్చు, కింద వరుసలోని జట్టు పైకి రావచ్చు. స్థానం ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రెండింటినీ వేరు చేయడానికి ఒక మార్గం జట్టు జాబితా చదవడం. ఇది మన దగ్గర చాలామంది వదిలేసే పని. వీరంతా జీతం లేని ఆటగాళ్లు. పగలు బడిలో పాఠాలు చెప్పి, పొలంలోనో కార్యాలయంలోనో పని చేసి సాయంత్రం సాధనకు వస్తారు, పుట్టి పెరిగిన కౌంటీకే ఆడతారు. క్లబ్ స్థాయి ఆల్ ఐర్లండ్ ఫైనల్స్ జనవరిలో జరుగుతాయి కాబట్టి, క్లబ్‌తో అక్కడిదాకా వెళ్లిన ఆటగాడు కౌంటీ జట్టులో ఆలస్యంగా చేరతాడు, లేదా విశ్రాంతి తీసుకుంటాడు. విశ్వవిద్యాలయాల పోటీలైన సిగర్సన్ కప్, ఫిట్జ్‌గిబన్ కప్ కూడా చలికాలపు వారాల్లోనే ఉంటాయి, అందువల్ల ఇరవై ఏళ్ల కుర్రవాడు బుధవారం కళాశాలకు ఆడి ఆదివారం కౌంటీకి దిగవలసి వస్తుంది. వీటన్నిటి మధ్య శిక్షకుడు ఎవరిని దింపాడన్నదే అసలు సమాచారం.

క్లేర్ విషయానికి వస్తే, నేను ఇలా చూస్తాను. ఓడిన మ్యాచ్‌లో గత ఏడాది ఫైనల్ ఆడినవారు ఎందరున్నారు? అందరూ ఉండి ఓడితే ఆందోళన పడాలి. సగం మంది కొత్తవారైతే, వారిలో ఏప్రిల్ దాకా ఎవరు నిలిచారో లెక్కపెట్టాలి. ఒక్క కొత్త ఆటగాడైనా మన్‌స్టర్ మొదటి మ్యాచ్‌కు జట్టులో మిగిలితే ఆ లీగ్ వృథా కాలేదని నేను ఒప్పుకుంటాను, పట్టికలో అడుగున ఉన్నా సరే.

వచ్చే లీగ్ మొదలైనప్పుడు మీ ఇంట్లో మొదటి వారం జాబితానూ చివరి వారం జాబితానూ పక్కపక్కన రాసుకోండి. ఐదవ వారం దాకా గోల్‌కీపర్, మధ్య రక్షకుడు, ఫ్రీలు (ఫౌల్‌కు దొరికే షాట్లు) కొట్టేవాడు ఈ ముగ్గురూ మారకుండా ఉన్న జట్టు ఏదో చూసి ఇక్కడ రాస్తే, అక్కడి నుంచి చర్చ కొనసాగిద్దాం.