హొరైజన్ తప్పు చూపిస్తే: మూతలు పెట్టి నేర్పే పద్ధతి ఇంకా అవసరమా?

జక్కూరు కుర్రాడు: బెంగళూరులో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నా. మా సార్ హొరైజన్ (విమానం వంపు చూపే పరికరం) మీద, హెడింగ్ ఇండికేటర్ (దిక్కు చూపేది) మీద మూతలు పెట్టేసి మిగతావాటితో నడపమంటారు. కొత్త విమానాల్లో అన్నీ స్క్రీన్లే, పైగా ఒళ్లో టాబ్లెట్. ఈ కసరత్తు ఇంకా ఎందుకు?

యలహంక శీను: దండగ. ఆ పరికరాల్ని నడిపే వాక్యూమ్ పంపులకే కాలం చెల్లుతోంది. ఆ డబ్బుతో సిమ్యులేటర్‌లో కూర్చో తమ్ముడూ.

పాత సెస్నా: నా అభ్యంతరం వేరే. మూత పెట్టగానే ఏది పోయిందో తెలిసిపోతుంది కదా! నిజంగా పంపు పోతే హొరైజన్ లోపల తిరిగే గైరో చక్రం టక్కున ఆగదు. వేగం తగ్గుతూ తగ్గుతూ, హొరైజన్ గీత మెల్లగా ఒరుగుతుంది. మబ్బులో కిటికీ అవతల అంతా తెలుపే. గీతను సరిచేయబోయి మనమే విమానాన్ని పక్కకు వంచేస్తాం. అంత నిదానంగా వచ్చే వంపును చెవి లోపలి భాగం పసిగట్టలేదు.

1978 జనవరి 1 రాత్రి బొంబాయిలో ఎగిరిన ఎయిరిండియా 747 సంగతి చూడండి. అక్కడ మబ్బు కాదు, సముద్రం మీద చీకటి. కెప్టెన్ ముందున్న హొరైజన్ పాడైంది. మిగతా పరికరాలు చూసి విమానాన్ని అదుపులోకి తెచ్చుకోలేకపోయారని విచారణలో తేలింది. 213 మంది పోయారు.

మాధవి, మల్లేశ్వరం: మూతలతో పిటో (స్పీడు కొలవడానికి ఎదురుగాలిని పట్టే గొట్టం) సమస్య అసలు అర్థం కాదు. గొట్టం, దాని డ్రెయిన్ రంధ్రం రెండూ మూసుకుపోతే (కందిరీగ గూడు చాలు) ఎత్తుకు వెళ్లేకొద్దీ స్పీడు పెరిగినట్టు చూపిస్తుంది. నమ్మి ముక్కు ఎత్తితే స్టాలే, అంటే రెక్కలకు విమానాన్ని మోసే బలం పోతుంది. ఏ పవర్‌కి, ఏ పిచ్‌కి (ముక్కు ఎత్తిన కోణం) ఎంత స్పీడు వస్తుందో నోటికి రావాలి.

శీను: అందుకే సిమ్ (సిమ్యులేటర్) అంటున్నా. అక్కడ చెప్పాపెట్టకుండా ఏదైనా ఆపేయొచ్చు.

పాత సెస్నా: అది ఒప్పుకుంటా. హొరైజన్ ఎడమకు వంపు చూపిస్తోంది, టర్న్ కోఆర్డినేటర్ (విమానం ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) మాత్రం సమంగా ఉంది, దిక్సూచి కదలడం లేదు. అంటే అబద్ధం హొరైజన్‌దే. హెడింగ్ ఇండికేటర్‌ని సాక్ష్యానికి పిలవకండి, పాత విమానాల్లో దానిదీ అదే పంపు. టర్న్ కోఆర్డినేటర్ సాధారణంగా కరెంటు మీద నడుస్తుంది. దొంగ దొరికాక మూత పెట్టాలి, లేదంటే కళ్లు మళ్లీ దాని మీదికే పోతాయి. కాబట్టి మూత ఉండాల్సింది సార్ చేతిలో కాదు, మీ జేబులో.

కుర్రాడు: దిక్కు మార్చాలంటే ఎలా అన్నా?

పాత సెస్నా: గడియారం చూసి. స్టాండర్డ్ రేట్‌లో సెకనుకు 3 డిగ్రీలు, 90 తిరగడానికి 30 సెకన్లు. తిరిగేటప్పుడు దిక్సూచి ముందుకో వెనక్కో పోతుంది, నిలకడగా ఎగిరేటప్పుడే చదువు.

శీను: ఇదంతా కూడా సిమ్‌లో వస్తుంది కదా!

పాత సెస్నా: వస్తుంది. కానీ కదలని సిమ్‌లో కింద పడ్డ చార్టు కోసం తల వంచితే కళ్లు తిరగవు. విమానం టర్న్‌లో ఉండగా వంచి చూడు శీనూ. అందుకే ఒక్క గంటైనా గాల్లో, హుడ్ (బయట కనపడకుండా కళ్లకు అడ్డు) పెట్టుకుని, పక్కన సార్ ఉండగా చెయ్యమంటున్నా.