తరిమెల నాగిరెడ్డి: 1952లో గెలుపు, 1969లో రాజీనామా. మధ్య సంవత్సరాల సంగతేమిటి?

ప్రశ్న: సింగనమల పాఠకుడు

మా అనంతపురం జిల్లా రాజకీయ చరిత్రపై ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారి గురించి మా ఇంట్లో పెద్దలు చెప్పే మాట ఎప్పుడూ ఒక్కటే: జైల్లో ఉన్న బావమరిది బయట ఉన్న బావను ఓడించాడని. ఆ బావ నీలం సంజీవరెడ్డి గారని, అది 1952 ఎన్నిక అని నాకు తెలుసు. ఆ తరువాత కథ మాత్రం చెప్పేవారికి కూడా పట్టుచిక్కదు. జాబితాలు తిరగేస్తే 1957లో ఆయన పేరు లోక్‌సభలో ఉంది, 1962లో పుట్లూరు నుంచి శాసనసభలో ఉంది, 1967లో మళ్లీ అనంతపురానికి వచ్చింది. రాష్ట్ర రాజకీయాల్లో ఉన్న మనిషి ఢిల్లీకి ఎందుకు వెళ్లి వచ్చినట్టు? 1967లో గెలిచి, రెండేళ్లు తిరిగేసరికే రాజీనామా ఎందుకు చేసినట్టు? మొదటి నుంచీ ఎన్నికల మీద నమ్మకం లేని మనిషైతే నాలుగుసార్లు గెలిచేదాకా ఎందుకు పోటీ చేశారన్నది నా అసలు సందేహం.

జవాబు: పాత గెజిట్ల మనిషి

మీ మొదటి సందేహానికి సమాధానం ఎన్నికల క్యాలెండరులోనే ఉంది. 1954 నవంబరులో ప్రకాశం గారి మంత్రివర్గం మద్యనిషేధం విషయంలో అవిశ్వాస తీర్మానంపై ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దాంతో 1955లో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఆ ఎన్నికల్లో 196 స్థానాలకు గాను కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. నాగిరెడ్డి గారు కూడా ఆ సభకు రాలేకపోయారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు 1955లో ఎన్నికైన ఆంధ్ర ప్రాంత సభ్యులనే కొత్త సభలో కొనసాగించారు. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ జిల్లాలకే జరిగాయి. అంటే 1955లో ఓడిన అనంతపురం నాయకుడికి ఉప ఎన్నిక వస్తే తప్ప 1962 దాకా శాసనసభ తలుపు మూసి ఉన్నట్టే. లోక్‌సభ ఎన్నిక మాత్రం 1957లో రాష్ట్రమంతటా జరిగింది. కనుక ఆయన ఢిల్లీ వెళ్లడాన్ని పెద్ద పదవి కోసం చేసిన ప్రయత్నంగా చూడకూడదు, అప్పుడు తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. మన పత్రికల్లో వచ్చే జీవిత పరిచయాలు ఈ సంగతి వదిలేసి ‘ఎంపీగా కూడా సేవలందించారు’ అని ఒక ముక్కతో సరిపెడతాయి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు

బావాబావమరుదుల కథ అబద్ధం కాదు. సంజీవరెడ్డి గారి భార్య నాగరత్నమ్మ గారు నాగిరెడ్డి గారి తోబుట్టువే. అయితే 1952 ఫలితాన్ని రెండిళ్ల మధ్య పోటీగా మాత్రమే చెప్పుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు 152 వచ్చాయి, కమ్యూనిస్టులకు 62 వచ్చాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడారు, కళా వెంకటరావు ఓడారు, బెజవాడ గోపాలరెడ్డి ఓడారు. చివరికి రాజాజీని ఎన్నికతో పని లేకుండా విధాన మండలికి నామినేట్ చేయించి ముఖ్యమంత్రిని చేయవలసి వచ్చింది. అంత ఎదురుగాలిలో సంజీవరెడ్డి గారు ఓడిపోవడం వింతేమీ కాదు. నన్ను ఆశ్చర్యపరిచేది తరువాత జరిగింది. ఓడిన బావ రాజ్యసభకు వెళ్లి, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే ఉప ముఖ్యమంత్రి అయ్యారు, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. గెలిచిన బావమరిది ఎన్నడూ ప్రతిపక్ష బెంచీ దాటలేదు.

మీ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వవలసిన కాలం 1962 అని నా అభిప్రాయం. 300 స్థానాల సభలో కమ్యూనిస్టు పార్టీకి 51 వచ్చాయి, ప్రతిపక్ష నాయకత్వం నాగిరెడ్డి గారికి దక్కింది. ఎదుట ముఖ్యమంత్రి స్థానంలో మళ్లీ సంజీవరెడ్డి గారే ఉన్నారు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా 1964లో ఆయన రాజీనామా చేసేవరకు, రాష్ట్ర శాసనసభలో అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ అనంతపురం జిల్లాకు చెందిన ఒకే బంధువర్గంలోని ఇద్దరు నాయకులుగా ఉన్నారు. మన జిల్లాకు అలాంటి రోజు మళ్లీ రాలేదు. దీన్ని జిల్లా గొప్పతనంగా చెప్పుకోవాలో, అప్పటి రాజకీయమంతా భూమి ఉన్న ఇళ్ల చేతుల్లోనే ఉందనడానికి గుర్తుగా చెప్పుకోవాలో మీరే తేల్చుకోండి. నేను రెండో వైపుకే మొగ్గుతాను. రిషీవ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ విశ్వవిద్యాలయంలో చదువుకోగలిగిన భూస్వామి బిడ్డ కాబట్టే నాగిరెడ్డి గారు ఆ స్థానందాకా వచ్చారు. తన వర్గానికే ఎదురు తిరగడం ఆయన ప్రత్యేకత.

సింగనమల పాఠకుడు

మాస్టారూ, గెజిట్ల అన్నా, ధన్యవాదాలు. 1957 సంగతి నాకు నిజంగా తట్టలేదు. కానీ 51 మందికి నాయకుడిగా ఉన్న మనిషి 1969లో సభనే వదిలి వెళ్లడం ఇంకా అంతుబట్టలేదు.

జవాబు: బర్ద్వాన్ తరువాత

ఆ 51 మంది 1967 నాటికి ఏమయ్యారో చూడండి. 1964లో పార్టీ చీలింది. నాగిరెడ్డి గారు సీపీఎం వైపు నిలబడ్డారు. 1967లో 287 స్థానాల సభలో సీపీఐకి 11, సీపీఎంకు 9 మాత్రమే వచ్చాయి. చీలిక వల్ల ప్రధాన ప్రతిపక్ష స్థానం కూడా పోయింది. అదే ఏడాది బెంగాల్‌లో నక్సల్బరీ రైతు తిరుగుబాటు, దాని వెనుకే శ్రీకాకుళం పోరాటం. 1968 ఏప్రిల్‌లో బర్ద్వాన్‌లో జరిగిన సీపీఎం ప్లీనంలో (విశేష సమావేశంలో) నాయకత్వం పెట్టిన సిద్ధాంత పత్రాన్ని ఆంధ్ర ప్రతినిధుల్లో అధిక భాగం వ్యతిరేకించారు. కొద్ది నెలల్లోనే నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య గార్లు బయటికి వచ్చి విప్లవకారుల సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు. కాబట్టి 1969 మార్చిలో శాసనసభకు ఇచ్చిన రాజీనామా ఒక్క రోజు ఆవేశంలో తీసుకున్న నిర్ణయం కాదు. ఆయన ఏ పార్టీ గుర్తు మీద గెలిచారో ఆ పార్టీలో అప్పటికే లేరు. సీటు అట్టిపెట్టుకుని కొత్త పక్షానికి మారిపోవడానికి అప్పట్లో చట్టం అడ్డు రాదు, ఎందుకంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది 1985లో. అయినా ఆయన సీటు వదిలేశారు. ఈ ఒక్క సంగతి మీ వ్యాసంలో తప్పక ఉండాలి.

ఎన్నికల మీద నమ్మకం లేకుండా పోటీ చేశారా అన్న మీ ప్రశ్నకు వస్తే, నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ పక్షంతో ఈ ఆంధ్ర సమన్వయ కమిటీ విడిపోవడానికి కారణాల్లో ఇదీ ఒకటి. మజుందార్ పక్షం ఎన్నికల బహిష్కరణను విప్లవ కాలమంతటికీ వర్తించే మార్గంగా భావించింది. ఆంధ్ర కమిటీ దాన్ని పరిస్థితిని బట్టి తీసుకునే ఎత్తుగడగానే చూసింది. ప్రజా ఉద్యమం నుంచి విడివడిన వ్యక్తిగత హింసను కూడా అంగీకరించలేదు. ఆ దృష్టితో చూస్తే 1952 పోటీ, 1969 రాజీనామా ఒకదాన్నొకటి కొట్టివేసే పనులు కావు. శాసనసభ ఉపయోగపడినంత కాలం వాడుకున్నారు, ఇక ఉపయోగం లేదని తోచినప్పుడు వదిలేశారు. ఆ అంచనా సరైనదేనా అంటే, నా మట్టుకు నేను సందేహిస్తాను. సభలో తొమ్మిది మందే ఉన్నా నాగిరెడ్డి అంతటి వక్త లేని లోటు చిన్నది కాదు.

జవాబు: పాత గెజిట్ల మనిషి

రాజీనామాతో వ్యాసం ముగించవద్దు. ఆ ఏడాది చివర్లోనే ఆయన్ను మద్రాసులో అరెస్టు చేసి హైదరాబాదు కుట్ర కేసు పెట్టారు. ఆ కోర్టులో ఇచ్చిన వాంగ్మూలమే ఆయన మరణానంతరం ‘తాకట్టులో భారతదేశం’గా అచ్చయింది. విదేశీ పెట్టుబడి మీద, అప్పుల మీద, భూమి మీద పేజీలకు పేజీలు అంకెలు ఉంటాయి. చదువుతుంటే బడ్జెట్ చర్చలో లేచి నిలబడిన ప్రతిపక్ష సభ్యుడి గొంతే వినిపిస్తుంది, సభ మాత్రం మారింది. ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న మరణించారు.

ఇంకొక్కటి. ఆయనతో కలిసి సీపీఎం నుంచి బయటికి వచ్చిన చండ్ర పుల్లారెడ్డి గారి పాయ తరువాతి కాలంలో ఎన్నికల్లోకి వచ్చింది. ఆ పాయకు చెందిన గుమ్మడి నర్సయ్య గారు అప్పటి ఖమ్మం జిల్లాలోని యెల్లందు నుంచి అయిదుసార్లు శాసనసభకు గెలిచారు. వీలైతే ఆ దారిని కూడా చూసి రండి. అనంతపురం జాబితాలతో పాటు ఖమ్మం జిల్లా జాబితాలు కూడా ముందు పెట్టుకోండి.