ఆర్మీ ఇంజనీర్ ఆఫీసర్ల సంఖ్య పెంచితే మనకు ఉద్యోగాలు వస్తాయా?

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది, మెంఫిస్‌కు మాత్రం పూర్తిగా కొత్త. సివిల్‌లో ఎం.ఎస్. అయిపోయింది, నీటి వనరులు నా సబ్జెక్టు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి) మొదలై 40 రోజులు దాటింది, చేతిలో ఉద్యోగం లేదు, టెన్షన్‌గా ఉంది. ఆర్మీలో ఇంజనీర్ ఆఫీసర్ల సంఖ్య పెంచుతూ అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేస్తే, నదులు, గట్లు, ఓడరేవుల పనులు చూసే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో సివిల్ వాళ్లకు పంట పండినట్టే, కొన్నాళ్లు ఆగు అంటున్నాడు మా రూమ్మేట్. ఈలోగా రెండు చిన్న కన్సల్టింగ్ కంపెనీలు ఇంటర్వ్యూకు పిలిచాయి. వెళ్లాలా, ఆగాలా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

విక్స్‌బర్గ్ (మిసిసిపీ) నుంచి జవాబు

తమ్ముడూ, ఆగొద్దు. రెండు ఇంటర్వ్యూలకూ వెళ్లు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండటానికి నీకున్నవి మొత్తం 90 రోజులు, అందులో 40 అయిపోయాయి. ఏ చట్టమూ నీ కోసం ఆ లెక్కను ఆపదు.

మీ రూమ్మేట్ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ రెండు వేర్వేరు సంగతులను ఒకటి చేసేశాడు. ఆఫీసర్ల సంఖ్య అంటే యూనిఫాం వేసుకునేవాళ్ల సంఖ్య. ఈ దేశంలో అది ఆర్మీ తన ఇష్టానికి పెంచుకునేది కాదు, కాంగ్రెస్ తలలు లెక్కపెట్టి ఇస్తుంది, మొదట్నుంచీ అంతే. 1802 మార్చి 16న కోర్‌ను, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీని ఒకే చట్టంతో పెట్టినప్పుడు ఆఫీసర్లు, క్యాడెట్లు అందరూ కలిసి 20 మందిని దాటకూడదని రాశారు. 1812లో బ్రిటన్‌తో యుద్ధం ముంచుకొస్తుంటే ఇంకో ఆరుగురు ఆఫీసర్లను కలిపారు. ఆ తర్వాత పాతికేళ్లలో పని ఎంత పెరిగిందో చూడు: తీరం పొడవునా కోటలు, నదుల్లో పూడిక, ఓడరేవులు, రోడ్లు, రైలు మార్గాల సర్వేలు. అయినా ఆఫీసర్లు 22 మందే. 1838 జులైలో కాంగ్రెస్ ఆ సంఖ్యను 43కు పెంచి, సర్వేలు, మ్యాపుల కోసం 36 మంది ఆఫీసర్లతో టోపోగ్రాఫికల్ ఇంజనీర్ల దళాన్ని విడిగా నిలబెట్టింది. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: ఆర్మీ ఆఫీసర్లు ప్రైవేటు కంపెనీల పనులకు వెళ్లకూడదు. అప్పటిదాకా చాలామంది ఆర్మీ ఇంజనీర్లు రైలు కంపెనీలకు పని చేసిపెట్టేవాళ్లు. ఓ చేత్తో పోస్టులు ఇచ్చి ఇంకో చేత్తో ఆ తలుపు మూశారన్నమాట. ఆ రెండు దళాలూ 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, మళ్లీ ఒకటయ్యాయి.

ఇప్పుడు కూడా సైన్యంలో మొత్తం ఎంతమంది ఉండాలో ఏటా వచ్చే రక్షణ చట్టంలో ఉంటుంది. మేజర్లు, లెఫ్టినెంట్ కల్నళ్లు, కల్నళ్లు ఎంతమందికి మించకూడదో ఇంకో చట్టంలో పట్టికే ఉంది. రేపు ఆ అంకెలు పెరిగినా అవి సైన్యం పోస్టులు. ఆఫీసర్ కమిషన్‌కు అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే సిపాయిగా చేరొచ్చు, పౌరసత్వం వచ్చాక ఆఫీసర్ దారి చూసుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లను తీసుకున్న మావ్నీ పథకం 2008లో మొదలైంది, 2016లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క డాలరు కూడా ఇవ్వకు.

ఇక కోర్ సంగతి. ఇటీవలి ఏళ్లలో అక్కడ దాదాపు 37 వేల మంది పనిచేశారు, వాళ్లలో యూనిఫాం వాళ్లు కొన్ని వందల మందే. మిగతా అందరూ సివిలియన్ ఉద్యోగులు. డిస్ట్రిక్ట్‌కు, అంటే కోర్ ప్రాంతీయ ఆఫీసుకు, కమాండర్‌గా ఓ కల్నల్ వస్తాడు, రెండు మూడేళ్లు ఉండి బదిలీ మీద వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్లుగా అదే నదిని చూస్తున్న సివిలియన్ ఇంజనీరు అక్కడే ఉంటాడు. ఆ ఉద్యోగాలకూ మామూలుగా పౌరసత్వం కావాలి, ప్రభుత్వ ఉద్యోగాల సైట్ యూఎస్ఏజాబ్స్‌లో ప్రతి ప్రకటన కిందా అది రాసే ఉంటుంది. కాబట్టి ఆఫీసర్ల సంఖ్య పెరిగిందా లేదా అన్నది ఈరోజు నీకు ఏ విధంగానూ అడ్డు కాదు, సాయమూ కాదు.

అలాగని ఆఫీసర్లు ఎందుకు అనుకోకు. 2011 మే 2 రాత్రి మిసౌరీలో బర్డ్స్ పాయింట్ దగ్గర మిసిసిపీ గట్టును కావాలనే పేల్చేశారు. ఇల్లినాయ్‌లోని కైరో పట్టణం మీద ఒత్తిడి తగ్గించడానికి దాదాపు 1,30,000 ఎకరాల పొలాలను నీళ్లకు వదిలేశారు. ఆ ఆదేశం ఇచ్చింది మిసిసిపీ రివర్ కమిషన్ అధ్యక్షుడిగా ఉన్న ఆర్మీ ఇంజనీరు, మేజర్ జనరల్ మైఖేల్ వాల్ష్. ఎవరి పొలం మునగాలో తేల్చి సంతకం పెట్టే మనిషి కావాలి, ఆ మనిషిని దేశం ముందే తయారుచేసి పెట్టుకోవాలి, అందుకే ఈ పోస్టుల మీద అంత చర్చ. మన గోదావరి జిల్లాల వాళ్లకు ఇది కొత్తేం కాదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టిన కాటన్ దొర కూడా మద్రాస్ ఇంజనీర్స్ ఆఫీసరే కదా.

అదే మే నెలలో నేను ఇక్కడ ఓ ప్రైవేటు కంపెనీలో చిన్న ఇంజనీరుని. 19వ తేదీన విక్స్‌బర్గ్‌లో నది నీటిమట్టం గేజ్ 57.1 అడుగులు చూపించింది. మమ్మల్ని గట్టు వెంట నడిపించారు. గట్టుకు నది లేని వైపు, పొలంలో, భోజనం పళ్లెమంత చోట నీళ్లు ఉడుకుతున్నట్టు పైకి తన్నుకొస్తున్నాయి, చుట్టూ సన్నటి ఇసుక చిన్న పుట్టలా పేరుకుంటోంది. మా కోనసీమలో ఏటిగట్టుకు బుంగ పడిందంటే ఊరంతా బస్తాలతో పరిగెత్తేది, నా కాళ్లు కూడా అలాగే వణికాయి. నా పక్కనున్న పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని దోసిట్లో ఆ నీళ్లు పట్టాడు. తేటగా వస్తే కనిపెట్టుకుని ఉంటే చాలు, ఇసుక తెస్తోందంటే గట్టు కింది నేల పోతున్నట్టు అన్నాడు. చుట్టూ బావి ఒరలా బస్తాలు పేర్చాం. పూర్తిగా మూసేయకూడదు, మూస్తే పక్కన ఇంకోచోట లేస్తుంది. లోపల నీళ్లు నిలిస్తే ఆ బరువుకు కింది నుంచి వచ్చే జోరు తగ్గుతుంది. ఆ పెద్దాయన సివిలియనే, ఒంటి మీద యూనిఫాం లేదు. నాకు అప్పటికి హెచ్-1బీ వర్క్ వీసానే ఉంది.

అంటే దారి ఉంది. కోర్ తన డిజైన్ పనిలో చాలా భాగం ప్రైవేటు కంపెనీలకు ఇస్తుంది. 1972 నాటి బ్రూక్స్ చట్టం ప్రకారం ఆ కంపెనీని ఎంచుకునేది ముందు అర్హతను బట్టి, ధర తర్వాత మాట్లాడుకుంటారు. ఆ అర్హత చూపించే కాగితం ఎస్.ఎఫ్. 330. అందులో పనిచేయబోయే ఇంజనీర్ల రెజ్యూమెలు, లైసెన్సులు ఉంటాయి. అందుకే చిన్న కంపెనీకి కూడా పీ.ఈ. (ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు) ఉన్న మనిషి బంగారం. నువ్వు ముందు ఆ లైసెన్సుకు మొదటి పరీక్ష ఎఫ్.ఈ. రాసెయ్, తర్వాత మామూలుగా నాలుగేళ్ల అనుభవంతో పీ.ఈ.

ఒక ఇబ్బంది ముందే చెప్తా. కొన్ని సైట్లలోకి విదేశీ పాస్‌పోర్టుతో వెళ్లనివ్వరు. ఓసారి నా పేరు ముందుగా పంపడం మా ఆఫీసులో మర్చిపోయారు, గేటు బయట కారులోనే రెండు గంటలు కూర్చున్నాను, టీమ్ అంతా లోపలికి వెళ్లిపోయింది. చాలా బాధపడ్డాను. ఇంటర్వ్యూలోనే మొహమాటం లేకుండా అడుగు: నాకు ఏ ప్రాజెక్టులు ఇవ్వగలరు, హెచ్-1బీ వేస్తారా అని.

లిటిల్ రాక్ నుంచి

అన్నయ్య చెప్పింది నిజం. నేను కౌంటీలో డ్రైనేజీ చూస్తాను బాబూ. కౌంటీలు, గట్ల బోర్డులు, రాష్ట్ర రవాణా శాఖలు కూడా చూడు, కొన్నిచోట్ల వర్క్ పర్మిట్ ఉంటే తీసుకుంటారు. స్టెమ్ ఓపీటీ, అంటే సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇచ్చే 24 నెలల పొడిగింపు, కావాలంటే యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఆఫర్ మీద సంతకం పెట్టేముందే అది కనుక్కో. ఊళ్లో అమ్మానాన్నలకు ఆర్మీ అని చెప్పేశావేమో, వాళ్లు కంగారుపడతారు, ఈరోజే ఫోన్ చేసి విషయం చెప్పు.

అడిగిన అబ్బాయి

అన్నా, అక్కా, చాలా థాంక్స్. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి ఖాయం చేసుకున్నాను. అమ్మకు నిజంగానే ఆర్మీ అని చెప్పాను, ఇప్పుడే ఫోన్ చేశాను. ఎఫ్.ఈ.కి పుస్తకాలు కొనాలా?

విక్స్‌బర్గ్ నుంచి

ఇప్పుడే కొనకు. ఆ పరీక్ష పెట్టే ఎన్‌సీఈఈఎస్ సైట్‌లో రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది, పరీక్షలో స్క్రీన్ మీద ఇచ్చేది కూడా అదే. 110 ప్రశ్నలు. ఏ సూత్రం ఏ పేజీలో ఉందో చేతికి అలవాటయ్యేదాకా దాంతోనే లెక్కలు చెయ్. గురువారం ఇంటర్వ్యూ అయ్యాక రాత్రి ఇక్కడే రాయి, ఏం అడిగారో చూద్దాం.