పోలింగ్ కేంద్రం ఖాళీగా ఉంటే జనం రాజకీయాలు వదిలేసినట్టేనా?

వేపచెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

2012 నవంబరులో ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు దళాల పనితీరును పర్యవేక్షించే పోలీసు కమిషనర్ పదవులకు తొలిసారి ఎన్నికలు జరిపారు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ కేంద్రం సిబ్బంది ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా కూర్చున్నారు. ఒక్క ఓటరూ రాలేదు. తక్కువ మంది వచ్చారని కాదు, అసలు ఎవరూ రాలేదు. ఆ ఎన్నికల్లో మొత్తం పోలింగే 15 శాతం దరిదాపుల్లో ఆగిపోయింది.

ఆ ఖాళీ పెట్టె నన్ను వదలడం లేదు. అందుకే అడుగుతున్నాను. నా వాదన సూటిగా ఇది: ఈనాటి ప్రజాస్వామ్యాల్లో పౌరులు రాజకీయాలకు దూరంగా జరుగుతున్నారు. బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో 1950లో దాదాపు 84 శాతం మంది ఓటేశారు. 2001లో అది 59, 2024లో 60. నియంతృత్వం కూలాక పోర్చుగల్‌లో 1975లో జరిగిన తొలి ఎన్నికలకు 91 శాతం మంది బారులు తీరారు. 2019లో సగం మంది కూడా రాలేదు.

పార్టీల పరిస్థితి ఇంకా అన్యాయం. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీకి 1950ల తొలినాళ్లలో 28 లక్షల మంది సభ్యులు ఉండేవారు. 2022లో ఆ పార్టీ తన నాయకుడిని, అంటే ఆ దేశ ప్రధానిని, ఎన్నుకునే వేళకు ఓటున్న సభ్యులు సుమారు 1.72 లక్షల మంది మాత్రమే. దీన్ని దూరం జరగడం అనక మరేమంటారు?

లెక్కలపురుగు

వేపచెట్టు గారూ, ఒక దేశానికి జ్వరం ఉందో లేదో చూడాలంటే కాస్త మంచి థర్మామీటరు తీసుకోవాలి. ఆ కమిషనర్ పదవి ఏమిటో, పోటీలో ఎవరున్నారో చాలామందికి తెలియదు. అభ్యర్థుల వివరాలతో ఇంటింటికీ పంపే కరపత్రం కూడా ఆసారి లేదు, ఇంటర్నెట్‌లో చూసుకోమన్నారు. ఎవరూ అడగని పదవికి, చలి నెలలో, పేరు తెలియని మనుషులకు ఓటెయ్యమంటే జనం రాలేదు. నాకిది ఉదాసీనత కాదు, విచక్షణ అనిపిస్తుంది.

అదే బ్రిటన్‌లో రెండేళ్లు తిరక్కుండానే, 2014 సెప్టెంబరులో, స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని అడిగారు. 84.6 శాతం మంది వచ్చారు. 16, 17 ఏళ్ల పిల్లలకు కూడా ఓటిచ్చారు. ఫ్రాన్స్ చూడండి: 2022 పార్లమెంటు ఎన్నికల రెండో విడతలో 46 శాతం, 2024లో హఠాత్తుగా వచ్చిపడ్డ ఎన్నికల్లో 66 శాతానికి పైగా. రెండేళ్లలో ఒక దేశపు జనాభా మారిపోదు కదా. అమెరికాలో అధ్యక్షుడి పదవీకాలం నడుమ వచ్చే మధ్యంతర ఎన్నికల్లో 2014లో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ మంది ఓటేస్తే, 2018లో సగం మంది వేశారు. స్వీడన్, డెన్మార్క్‌లలో 2022లో కూడా 84 శాతం.

పోర్చుగల్ అంకెలో ఒక మెలిక ఉంది. విదేశాల్లో ఉన్న పౌరులందరినీ ఓటర్ల జాబితాలో దానంతటదే చేర్చే చట్టం 2018లో వచ్చింది. అంటే హారం ఉబ్బింది, శాతం తగ్గింది. తగ్గుదల నిజమే, కానీ కనిపించేటంత లేదు. 2024లో అక్కడ మళ్లీ 60 శాతం దగ్గరకు వచ్చారు.

పొలం అమ్ముకుని వెళ్లిపోయినవాడికీ, ఈ ఏడు దున్నకుండా బీడు పెట్టినవాడికీ తేడా ఉంది. మీరు ఇద్దరినీ ఒకే గాటన కడుతున్నారు.

మౌనసాక్షి

అంకెలు నాకు రావు. నేను కళ్లారా చూసింది చెబుతాను.

ఒక రోడ్డు వెడల్పు చేసే పనికి ప్రజాభిప్రాయ సేకరణ అని నోటీసు వచ్చింది. పని మానుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు. వరస సంఖ్య, పేరు, చిరునామా, ఫోను నంబరు, సంతకం, చిట్టచివర ‘అభిప్రాయం’. ఆ చివరి గడి వెడల్పు నా బొటనవేలంత. నా ముందున్న పెద్దాయన అందులో చాలా శ్రమపడి ‘వ్యతిరేకం’ అని రాశారు. ‘కం’ పట్టక గీత బయటికి పోయింది. లోపల అధికారి నలభై నిమిషాలు మాట్లాడారు, మాకు పది నిమిషాలు మిగిలాయి. బయటికి వచ్చేటప్పుడు చూస్తే, ఆ నాటి సమావేశం సారాంశం అప్పటికే టైపు చేసి ఫైలులో ఉంది. ‘హాజరైన ప్రజలు సూత్రప్రాయంగా అంగీకరించారు’ అని మొదటి పేరాలోనే.

తర్వాతి సమావేశానికి నేను వెళ్లలేదు. హాజరు లెక్క చూసినవారు నన్ను ‘ఆసక్తి లేని పౌరుడు’ కింద వేసుకుని ఉంటారు.

వేపచెట్టు

మౌనసాక్షి గారూ, మీ గడి కథ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయితే అది నా వాదనకే బలం. మీరు వెళ్లడం మానేశారు. కారణం న్యాయమైనదే, ఫలితం మాత్రం దూరమే.

లెక్కలపురుగు గారికి: మీరు చూపించిన పెద్ద అంకెలన్నీ ఎప్పటివో చూడండి. దేశం విడిపోతుందేమోనని, ఫలానా పార్టీ గద్దెనెక్కుతుందేమోనని భయం పుట్టినప్పటివి. ఫ్రాన్స్‌లో 2024లో వచ్చినవారిలో ఎంతోమంది ఒకరిని గెలిపించడానికి కాదు, ఒకరిని ఆపడానికి వచ్చారు. ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరుగెత్తుతుంది. దాన్ని బట్టి రోజూ ఇల్లు కనిపెట్టుకుని ఉన్నారని చెప్పగలమా?

వీధిదీపం

మీరందరూ ఓటు చుట్టూనే తిరుగుతున్నారు. రాజకీయం అంటే అయిదేళ్లకోసారి వేలికి సిరా పూసుకోవడమేనా? ఇరాక్ యుద్ధం వద్దని 2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా లక్షల మంది రోడ్డెక్కారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుంటే 2021 నవంబరులో మూడు సాగు చట్టాలు వెనక్కి పోయాయి. చిలీలో 2019 అక్టోబరులో ఒక్క శాంటియాగో నగరంలోనే ఒకే రోజు పది లక్షలకు పైగా జనం వీధుల్లోకి వచ్చారు. ఇదంతా రాజకీయం కాకపోతే మరేమిటి? పౌరులు తలుపు మార్చారు, అంతే. పాత తలుపు దగ్గర కాపలా కాస్తూ ఎవరూ రావడం లేదంటే ఎలా?

లెక్కలపురుగు

చిలీ పేరెత్తారు కాబట్టి ఆ కథ చివరిదాకా చెప్పాలి, ఎందుకంటే అది మనందరి నోళ్లూ మూయిస్తుంది, నాదీ కలిపి.

అక్కడ నిర్బంధ ఓటు తీసేసి 2012 నుంచి ఐచ్ఛికం చేశారు. పోలింగ్ పడిపోయింది. 2019లో ఆ మహా ఉద్యమం. దాని ఫలితంగా కొత్త రాజ్యాంగం కావాలా అని 2020లో అడిగారు. ఓటేసినవారిలో 78 శాతం కావాలన్నారు. కానీ అంత ఊపులోనూ ఓటేయడానికి వచ్చింది 51 శాతమే. 2022లో రాసిన ముసాయిదాను జనం ముందు పెట్టినప్పుడు ఓటు మళ్లీ నిర్బంధం చేశారు. 86 శాతం మంది వచ్చారు. 62 శాతం వద్దన్నారు.

ముసాయిదాలోనే లోపాలున్నాయని చాలామంది అంటారు, కాదనను. అయినా రెండేళ్లపాటు ‘ప్రజలు కోరుతున్నారు’ అని అందరూ చెప్పిన మాటలో, ఇంట్లో కూర్చున్న ఆ సగం మంది లేరన్నది మిగిలిపోతుంది. వీధిలోకి వచ్చినవారి గొంతు పెద్దది. అది అందరి గొంతు కాదు. వీధిదీపం గారూ, మీ కొత్త తలుపులోంచి వచ్చేవారు చాలావరకు సమయం, చదువు, ధైర్యం ఉన్నవారే. పాత తలుపు ఇరుకైనదే కావచ్చు, అక్కడ మాత్రం మనిషికి ఒకటే లెక్క.

పాత కార్యకర్త

ఇరవై రెండేళ్లు ఒక పార్టీ జెండా మోశాను. ఏ పార్టీ అని అడగకండి, ఏ పార్టీవాడైనా ఇదే చెబుతాడు.

మొదట్లో మా బూత్ కమిటీ అంటే పదకొండు మంది. నెలకోసారి ఎవరింట్లోనో కూర్చునేవాళ్లం. సగం సమయం కీచులాటలే. కానీ ఒక నాయకుడు వచ్చినప్పుడు మా కమిటీ పెద్ద లేచి ‘మీరు పోయినసారి ఇచ్చిన మాట ఏమైంది’ అని అడిగితే ఆయన తడుముకునేవాడు. మేము చెప్పింది పైకి వెళ్లేది. అంతా కాదు, కొంతైనా వెళ్లేది.

ఇప్పుడు సర్వే బృందం వస్తుంది. పాతికేళ్ల కుర్రవాళ్లు, చేతిలో ట్యాబ్. టికెట్ ఎవరికన్నది వాళ్ల నివేదిక, డబ్బు, అధిష్ఠానం కలిసి తేలుస్తాయి. మాకు ఫోనులో సందేశం వస్తుంది: ‘ఈ వీడియోను యాభై మందికి పంపండి.’ కిందటిసారి నేను పంపకపోతే, ఎందుకు పంపలేదని ఒక అమ్మాయి కాల్ సెంటర్ నుంచి ఫోను చేసింది. నేనెవరో ఆమెకు తెలియదు. మా అభ్యర్థి ఎవరో కూడా సరిగా తెలియదు, పేరు తప్పు పలికింది.

ఓటు ఇప్పటికీ వేస్తున్నాను. మీ లెక్కల్లో నేను ‘పాల్గొంటున్న’ పౌరుణ్ణే. నిజానికి నేను బయటికి వచ్చేసి చాలా కాలమైంది. నేను పార్టీని వదల్లేదండీ, పార్టీకి నాతో పని లేకుండా పోయింది.

దారిన పోయేవాడు

ఇంత చర్చ ఎందుకు? ఆస్ట్రేలియాలాగా ఓటు తప్పనిసరి చేస్తే సరి. అక్కడ 1922లో 60 శాతం కూడా రాలేదు. 1924లో చట్టం తెచ్చారు, 1925లో 91 శాతం దాటింది. రాకపోతే 20 డాలర్ల జరిమానా. సమస్య తీరింది.

పాత కార్యకర్త

సంతకం పెట్టించుకోవడం వేరు, మనసు రావడం వేరు నాయనా.

మౌనసాక్షి

దారిన పోయేవాడి మాటను అంత తేలిగ్గా తీసెయ్యలేను. ఓటు మానేసేవారు అన్ని వర్గాల నుంచీ సమానంగా మానేయరు. చాలా సంపన్న దేశాల్లో ముందు తప్పుకునేది పేదలు, యువకులు, తరచూ ఇళ్లు మారే అద్దెదారులు. వాళ్లు రాకపోతే మేనిఫెస్టో వచ్చేవాళ్ల కోసమే రాస్తారు. అది చూసి రానివాళ్లు ‘మన గురించి ఏముంది ఇందులో’ అని ఇంకోసారి రారు. ఆ సుడిని తెంచడానికి జరిమానా పనికొస్తే తప్పేముంది?

అయినా నా గోల ఓటు గురించి కాదు, ఆ చివరి గడి గురించి. ఐర్లండ్‌లో 2016లో 99 మంది మామూలు పౌరులను ఎంపిక చేసి, ఒక న్యాయమూర్తి అధ్యక్షతన కూర్చోబెట్టారు. గర్భస్రావం మీద రాజ్యాంగ నిషేధం ఉంచాలా వద్దా అన్న, నాయకులు దశాబ్దాలుగా తాకడానికి భయపడిన ప్రశ్నను వాళ్ల చేతిలో పెట్టారు. వారాంతాల్లో కూర్చున్నారు, నిపుణులను ప్రశ్నించారు, మార్చాలన్నారు. 2018లో దాన్ని దేశ ప్రజలందరి ఓటుకు పెడితే 64 శాతం మంది వచ్చారు, వారిలో 66 శాతం నిషేధం తీసెయ్యమన్నారు. వాళ్లేమీ మనకంటే గొప్ప పౌరులు కారు. వాళ్లు రాసింది చదివే మనిషి ఉన్నాడు, అంతే తేడా.

వీధిదీపం

ఆ నివేదిక పార్లమెంటు దాకా వెళ్లడానికి బయట వీధుల్లో ఏళ్ల తరబడి నడిచిన ఆడవాళ్లు కూడా కారణమే. అది మాత్రం చెప్పకుండా వదలకండి.

మౌనసాక్షి

ఒప్పుకుంటాను. అది వదలకూడదు.

వేపచెట్టు

‘దూరం జరుగుతున్నారు’ అన్న మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను. పార్టీల గురించి నేను చెప్పిందాన్ని పాత కార్యకర్త గారు నాకంటే బాగా చెప్పారు. కానీ న్యూపోర్ట్ ఖాళీ పెట్టె ఉదాహరణ తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది. అక్కడ రానివాళ్ల కంటే, ఓటేసి కూడా ఏమీ మారదనుకుంటున్న ఈ కార్యకర్త ఎక్కువ దూరంలో ఉన్నారు. ఆయన ఏ పట్టికలోనూ కనిపించరు. లెక్కలపురుగు గారూ, ఈయన్ని కొలిచే దారి ఏమైనా ఉందా?

లెక్కలపురుగు

పార్టీ మీద, పార్లమెంటు మీద నమ్మకం ఉందా అని అడిగే సర్వేలు ఉన్నాయి. కానీ ట్యాబ్ పట్టుకుని వచ్చే మనిషికి ఈయన తలుపు తీస్తారా అన్నది అనుమానం.

పాత కార్యకర్త

తియ్యను.

మౌనసాక్షి

ఇది చర్చకు సంబంధించినదో కాదో తెలియదు. ఆ కార్యాలయం నుంచే నిన్న ఇంకో నోటీసు వచ్చింది, ఈసారి మురుగు కాలువ గురించి. వెళ్దామనుకుంటున్నాను. నా అభిప్రాయం ఇంటి దగ్గరే రెండు పేజీలు రాసుకుని, రెండు ప్రతులు తీసుకెళ్తాను. ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయమంటాను. వేశారో లేదో వచ్చి ఇక్కడే రాస్తాను.